చమురు ట్యాంకులో రేపటి భూమి

సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ కొత్త భవనంలో కిందికి దిగుతూ పోతే చివర్లో మెలితిరిగిన తెల్లటి మెట్లు వస్తాయి. అవి దిగేసరికి పైన అద్దాల్లోంచి పడే ఎండంతా మాయమై, చీకటి కమ్ముకుంటుంది. ఆ చీకటి గది పేరు ‘ట్యాంక్’. ముద్దుగా పెట్టుకున్న పేరు కాదు, నిజంగా ట్యాంకే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకలకు పోయాల్సిన ఇంధనాన్ని భూమి లోపల దాచడానికి కట్టారు. విస్తీర్ణం 2,200 చదరపు మీటర్లు, ఎత్తు 7 మీటర్లు, నడుమ వరసగా 125 కాంక్రీటు స్తంభాలు. వాటి మీద చమురు మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి. గీకి సున్నం కొట్టించనందుకు గ్యాలరీ వాళ్లను మెచ్చుకోవాలి.

2022 డిసెంబరులో భవనం తెరిచినప్పుడు ఇక్కడ మొదట కొలువుదీరింది అర్జెంటీనా శిల్పి అడ్రియాన్ విలార్ రోహాస్ సృష్టి ‘ది ఎండ్ ఆఫ్ ఇమాజినేషన్’. ఈయనది వింత పద్ధతి. ముందు కంప్యూటర్లో ఊహాలోకాలు కట్టి, అందులో బొమ్మల్ని వదిలేశారు. గాలి కోసింది, మంట కాల్చింది, యుద్ధాలు మీదుగా పోయాయి. తెర మీద వేల ఏళ్లు గడిచాక ఏ ఆకారం మిగిలిందో చూసి, దాన్నే తన బృందంతో నిజంగా తయారు చేయించారు. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఆయన పెట్టుకున్న పేరు ‘టైమ్ ఇంజిన్’.

కదిలే దీపాల వెలుగులో ఆ శిల్పాల్ని చూస్తే, ఒకచోట ఇంజిను ముక్కలా ఉన్నదే పక్కకు జరిగితే జంతువు పక్కటెముకలా తోస్తుంది. నీడలు స్తంభాల మీద పాకుతూ పోతాయి. మనిషి జాడ ఉంటుంది, మనిషి ఉండడు. 2009లో తన దేశంలోని ఉషువాయా అడవిలో మట్టితో భారీ తిమింగలాన్ని పడుకోబెట్టిన శిల్పికి ఇలాంటి ఊహలు కొత్తేం కాదు.

అయినా సగం మార్కులు గదికే వేయాలి. చమురంటేనే కోట్ల ఏళ్ల కిందట చచ్చిన జీవరాశి. దాన్ని నిల్వ చేసిన గోతిలోనే రేపటి శిలాజాల్ని నిలబెట్టడం మామూలు ఎత్తు కాదు. ఇవే బొమ్మలు తెల్లగోడల హాల్లో ఉంటే సినిమా సెట్టింగుల్లా తేలిపోయేవేమో.

2023లో ఆ ప్రదర్శన ముగిసింది. తర్వాత లూయీజ్ బూర్జ్వా శిల్పాలు, ఏంజెలికా మెసిటి వీడియో అక్కడికి చేరాయి. పిల్లల దగ్గరికి సిడ్నీ వెళ్లే మనవాళ్లు ఒపేరా హౌస్ ముందు ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. అక్కణ్నుంచి బొటానిక్ గార్డెన్ గుండా నడిస్తే గ్యాలరీ వచ్చేస్తుంది. కొన్ని ప్రత్యేక ప్రదర్శనలకు తప్ప టికెట్ కూడా అక్కర్లేదు.