కొండ దిగే మోకాలికి కొలతైన ప్లేటు

విశాఖ మన్యంలోని గూడెం కొత్తవీధి కొండల్లో చలి మొదలయ్యేసరికి కాఫీ పండ్లు ఎర్రబడతాయి. సిల్వర్ ఓక్ మానులకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు, అన్నీ వాలులోనే. పండ్లు కోసేవాళ్లు ఖాళీ బుట్టతో పైకెక్కి, నిండిన బుట్టతో కిందికి దిగుతారు. నడివయసు దాటినవాళ్లను మోకాళ్ల సంగతి అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటే: ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు పోటు.

ఆ మాటలో కచ్చితమైన శాస్త్రం ఉంది. బెర్లిన్ పరిశోధకులు ఐదుగురు రోగులకు కొలమానాలు అమర్చిన కృత్రిమ మోకాళ్లు పెట్టి, కీలు లోపల పడే బరువును నేరుగా కొలిచారు. 2010లో వెలువడిన ఆ లెక్కల ప్రకారం చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు సుమారు 2.6 రెట్ల భారం పడుతుంది. మెట్లెక్కేటప్పుడు అది 3.2 రెట్లు, దిగేటప్పుడు 3.5 రెట్లు. అంటే 50 కిలోల మనిషి మెట్టు దిగిన ప్రతిసారీ ఒక్కో మోకాలు దాదాపు 175 కిలోలు మోస్తుంది. నెత్తిన బుట్ట ఉంటే భారం ఇంకా పెరుగుతుంది.

ఈ బరువు కీలు మీద సమంగా పడదు. కాలు తిన్నగా ఉన్నవాళ్లలో కూడా సగానికి పైగా లోపలి వైపుకే, అంటే రెండు మోకాళ్లూ ఎదురెదురుగా ఉండే పక్కకే చేరుతుంది. కాళ్లు దొడ్డిగా వంగిన కొద్దీ ఆ పక్క మరింత నలుగుతుంది. అక్కడి గుజ్జు అరుగుతుంది, అరిగిన కొద్దీ కాలు ఇంకా వంగుతుంది, వంగిన కొద్దీ ఇంకా అరుగుతుంది. ఘాట్ రోడ్డు మీద జీపు నడిపేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. చక్రం వాలితే టైరు ఒక అంచునే అరుగుతుంది. ఎన్ని టైర్లు మార్చినా అలైన్‌మెంట్ సరిచేయందే లాభం లేదు.

మోకాలికి కూడా అలైన్‌మెంట్ చేయవచ్చని వైద్యులు చాలాకాలం కిందటే కనుక్కున్నారు. 1961లో ఇంగ్లండ్‌లో జాక్సన్, వా అనే ఇద్దరు సర్జన్లు, మోకాలి కింది పెద్ద ఎముకను కోసి కాలి వంపు సరిచేస్తే కీళ్లవాతపు నొప్పి తగ్గుతుందని ప్రకటించారు. ఆ ఎముకను వైద్యులు టిబియా అంటారు. 1965లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన కవెంట్రీ ఈ పద్ధతికి మరింత ప్రాచుర్యం తెచ్చాడు. అప్పట్లో బయటి వైపు నుంచి ఎముక ముక్కను తీసేసి సందు మూసేవారు. ఇప్పుడు ఎక్కువగా లోపలి వైపు కోసి, సందు తెరిచి, ప్లేటుతో బిగిస్తున్నారు.

కీలు మార్పిడి ఉండగా ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. బాగా అరిగిపోయిన మోకాలికి కీలు మార్పిడి చక్కటి వైద్యమే. కానీ కృత్రిమ కీలుకూ అరుగుదల ఉంది. అది పెట్టుకున్నాక గొంతుక్కూర్చోవద్దని, బరువులు మోయవద్దని వైద్యులు చెబుతారు. నేల మీద కూర్చుని రాగులు చెరిగి, పొయ్యి రాజేసి, తోటలో వంగి పనిచేసే నలభై ఐదేళ్ల మనిషికి ఈ ఆంక్షలు జీవనోపాధికే అడ్డు. అరుగుదల లోపలి పక్కకే పరిమితమై, మిగతా కీలు, దాన్ని పట్టి ఉంచే స్నాయువులు బాగుంటే, సొంత మోకాలిని ఇంకొన్నేళ్లు నిలబెట్టే దారి ఈ సర్జరీ. రుమటాయిడ్ వాతంతో మోకాలంతా దెబ్బతిన్నవాళ్లకు ఇది పనికిరాదు. పొగ తాగేవాళ్లలో కోసిన ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది కాబట్టి ముందు ఆ అలవాటు మానమంటారు.

ఆపరేషన్ బల్ల దగ్గర జరిగేది కొంచెం దగ్గర నుంచి చూద్దాం. మోకాలికి దిగువన లోపలి పక్క చర్మం కోస్తారు. సన్నటి రంపంతో ఎముకను ఏటవాలుగా బయటి అంచు వైపు కోసుకుంటూ వెళ్లి, సుమారు ఒక సెంటీమీటరు ఉండగా ఆపేస్తారు. కోయకుండా వదిలిన ఆ కాస్త ఎముకే తలుపు బందులా పనిచేస్తుంది. తర్వాత ఉలి లాంటి పలుచని రేకులను ఒకదాని మీద ఒకటి మెల్లగా దిగగొడతారు. గొడ్డలి కామ బిగియడానికి దాని తలలో చీల కొట్టినట్టే, రేకు దిగిన కొద్దీ సందు విచ్చుకుంటుంది. ఇక్కడ తొందర పనికిరాదు. బందు విరిగిందంటే ఎముక రెండు ముక్కలై, సరిచేసిన వంపు నిలవదు.

ఎంత తెరవాలన్నది అసలు లెక్క. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు దారం లాగితే, అది మోకాలిని ఎక్కడ దాటుతుందో చూస్తారు. జపాన్ వైద్యుడు ఫుజిసావా బృందం 1979లో చెప్పినదాన్ని బట్టి, లోపలి అంచు నుంచి కొలిస్తే ఎముక వెడల్పులో సుమారు 62 శాతం దగ్గర ఆ గీత పడాలని చాలామంది సర్జన్లు గురిపెట్టేవారు. ఒక మిల్లీమీటరు తెరిస్తే ఒక డిగ్రీ వంపు సరవుతుందన్న బండలెక్క కూడా ఒకటుంది. ఎముక వెడల్పు 57 మిల్లీమీటర్లయితే అది సరిగ్గా పొసగుతుంది. 70 మిల్లీమీటర్ల ఎముకలో మాత్రం 10 మిల్లీమీటర్లు తెరిచినా సరయ్యేది 8 డిగ్రీలే. ఒక మనిషి ఎముకకు సరిపోయిన లెక్క ఇంకొకరికి తప్పుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ప్లేటు కథా ఇదే. తెరిచిన సందు నిండి ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ పై ముక్క జారకుండా పట్టి ఉంచేది ప్లేటు, దాని మరలు. 2000 తర్వాత వచ్చిన టోమోఫిక్స్ రకం ప్లేట్లు ఇందులో పెద్ద ముందడుగు. వాటి మరల తలలకు కూడా మర ఉండి, ప్లేటు రంధ్రంలో బిగిసిపోతాయి. ప్లేటు ఎముకను నొక్కి పెట్టనవసరం లేదు కాబట్టి కింది రక్తప్రసరణ దెబ్బతినదు, రోగి తొందరగా కాలు మోపగలడు.

అయితే ప్లేటు కూర్చునే ఎముక లోపలి వైపు ఉపరితలం చదునైన బల్ల కాదు. మోకాలి దగ్గర వెడల్పుగా ఉబ్బి, కిందికి వచ్చేసరికి సన్నబడి, ఒక పక్కకు మెలితిరిగి ఉంటుంది. ఆ ఒంపు మనిషికీ మనిషికీ మారుతుంది. పైగా సందు తెరిచాక ఎముక ఆకారమే మారిపోతుంది. ఐరోపా మనుషుల ఎముకలను ఎక్కువగా దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ప్లేట్లు చిన్నపాటి ఎముకల మీద సరిగ్గా కూర్చోవడం లేదని జపాన్, కొరియా వైద్యులు గమనించారు. ఆ తర్వాత ఆసియా ఎముకలకు తగిన ప్లేట్ల నమూనాలు తయారయ్యాయి. ప్లేటు కూర్చునే చోట చర్మం కింద కండ, కొవ్వు తక్కువ. ప్లేటు అంచు కాస్త పైకి లేచినా చర్మాన్నీ స్నాయువునూ రాసుకుంటుంది. మోకరిల్లితే గుచ్చుతుంది. ఎముక అతికాక ఆ బాధకే ప్లేటు తీయించుకునేవాళ్లు చాలామంది.

తీయించుకోవడమంటే ఇంకో ఆపరేషన్. నగరంలో ఉన్నవాళ్లకు అది రెండు రోజుల పని. కొత్తవీధి పక్క కొండ మీది గూడెంలో ఉన్నవాళ్లకు అది చింతపల్లి మీదుగా నర్సీపట్నం దిగి విశాఖ దాకా మరో ప్రయాణం, తోడు వచ్చే మనిషి కూలి కూడా పోగొట్టే ప్రయాణం. దారి లేని ఊళ్లలో రోగిని డోలీ కట్టి దించే కొండలివి. ప్లేటు ఒంపు రెండు మిల్లీమీటర్లు తప్పడం ఇక్కడ చిన్న విషయం కాదు.

ఒంపు ఒక్కటే కాదు, బిరుసుతనం కూడా చూడాలి. టైటానియం గట్టి ఎముక కన్నా ఐదారు రెట్లు బిరుసు, స్టీలు పది రెట్లకు పైనే. భారమంతా ప్లేటే మోస్తే ఎముకకు పని తగ్గి పలుచబడుతుంది. పని పడిన చోట ఎముక బలపడుతుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. మరీ మెత్తని ప్లేటైతే సందు కదిలి అతకదు. అందుకే ఇంజనీర్లు కంప్యూటర్లో ఎముక బొమ్మను వేల ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కించి, ప్లేటును ఎక్కడ పలచన చేయాలో ఎక్కడ మందం ఉంచాలో నిర్ణయిస్తారు.

బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో రిచీ గిల్ బృందం ఒక అడుగు ముందుకేసి, టోకా అనే పద్ధతి రూపొందించింది. రోగి మోకాలికి సీటీ స్కాన్ తీసి, ఆ ఎముక ఆకారానికే ప్లేటును గీసి, టైటానియంతో 3డి ముద్రణలో తయారు చేస్తారు. రంపం ఏ కోణంలో దిగాలో చూపే అచ్చును కూడా అదే కొలతతో ముద్రిస్తారు. మనుషుల మీద వాడే ముందు 28 మంది స్కాన్లతో కంప్యూటర్లోనే ఆపరేషన్లు చేసి చూసి, కొత్త ప్లేటు భద్రతలో పాతదానికి తీసిపోదని 2021లో ప్రచురించారు. ఇటలీలో, బ్రిటన్‌లో రోగుల మీద పరీక్షలు కూడా చేపట్టారు. బల్ల మీద ప్లేటు వంచుకునే, కోణం వెతుక్కునే సమయం మిగిలితే రెండు గంటల ఆపరేషన్ అరగంటకు దగ్గరవుతుందని వారి ఆశ.

తెలుగు నేలకు వంకర తిరిగిన మోకాళ్ల పరిశోధన కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ పరిసరాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల మోకాళ్లు లోపలికి ఒరుసుకుపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో నమోదు చేశారు. ఊరి నీళ్లనూ తిండినీ కొలిచి చూసిన ఆ ఓపిక ఇప్పుడు ఎముకల కొలత మీద పెట్టాలి. విశాఖలో 1923 నుంచి కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది, మన్యం రోగులు చేరే పెద్దాసుపత్రి అది. అదే నగరంలో వైద్య పరికరాల తయారీకి వెలసిన మెడ్‌టెక్ జోన్‌లో 3డి ముద్రణ వసతి ఉంది. వేరే కారణాలకు తీసిన స్కాన్ల నుంచి, రోగుల అనుమతితో, పేర్లు తీసేసి, మన్యం గిరిజనులైన బగతల, కొండదొరల, కోందుల మోకాలి కొలతలు పోగుచేస్తే, మనిషికో ప్లేటు ఇంకా ఖరీదైనదే అయినా, మన మనుషులకు అతికే నాలుగైదు సైజులైనా తయారు చేసుకోవచ్చు.

ఈలోగా కొండ మీది రోగికి ఇప్పుడే పనికొచ్చే సంగతి ఒకటి. మోకాలి నొప్పికి వెళితే తరచుగా మోకాలి వరకే ఎక్స్‌రే తీస్తారు. కాలి వంపు అందులో పూర్తిగా తేలదు. రెండు కాళ్ల మీద నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఫిల్ములో తీస్తేనే దారం ఎక్కడ దాటుతోందో కనబడుతుంది. నడివయసులోనే మోకాలు లోపలి పక్క పోటు పెడుతూ, చెప్పు మడమ బయటి అంచు ముందుగా అరుగుతుంటే, ఆ పొడవాటి ఎక్స్‌రే తీయమని ఎముకల వైద్యుణ్ణి అడగాలి. కీలు పూర్తిగా అరగకముందు అడగాలి.