పునస్సంయోజిత మానవ కెరటిన్

పునస్సంయోజిత మానవ కెరటిన్ అనగా మనిషి కెరటిన్ జన్యువును బాక్టీరియా వంటి వేరొక జీవిలో ప్రవేశపెట్టి, దాని ద్వారా తయారుచేయించిన మాంసకృత్తు. ఇది పరిశోధనకు ఉద్దేశించినది, ఔషధం కాదు. సెలూన్లలో జుట్టు సాఫీ చేయడానికి వాడే కెరటిన్ పూతలతో దీనిని పొరబడరాదు.

జుట్టు, గోళ్ళు, చర్మపు పైపొర ప్రధానంగా కెరటిన్‌తో ఏర్పడినవే. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు టన్నులకొద్దీ పోగవుతుండగా బాక్టీరియాతో పని ఏమిటన్న సందేహం సహజం. అయితే వెంట్రుకలో అనేక రకాల కెరటిన్లు గంధకపు బంధాలతో పెనవేసుకొని ఉంటాయి. వాటిలో ఒక్కదానిని శుద్ధంగా విడదీయడం కష్టం. పైగా చర్మపు అడుగు కణాలలోని 5వ, 14వ కెరటిన్లు వెంట్రుక కాడలో ఉండవు.

== తయారీ ==

మనిషిలో కెరటిన్ జన్యువులు 54. వీటిలో 28 ఆమ్ల స్వభావం గల మొదటి తరగతికి, 26 రెండవ తరగతికి చెందినవి. కావలసిన జన్యువు ప్రతిని ప్లాస్మిడ్‌లో చేర్చి ఈ. కోలై బాక్టీరియాలోకి పంపుతారు. అక్కడ తయారైన కెరటిన్ కరగని ముద్దలుగా పేరుకుంటుంది. దానిని గాఢమైన యూరియా ద్రావణంలో కరిగించి శుద్ధి చేస్తారు. రెండు తరగతుల కెరటిన్లను సమపాళ్ళలో కలిపి యూరియాను క్రమంగా తొలగిస్తే, ఏ ఎంజైము సాయమూ లేకుండానే సుమారు 10 నానోమీటర్ల మందం గల పోగులు వాటంతట అవే అల్లుకుంటాయి. ఒకే తరగతి కెరటిన్‌తో ఈ పోగులు ఏర్పడవు. ఫాస్ఫేటు చేరిక వంటి మార్పులు మానవ కణంలో జరిగినట్లు బాక్టీరియాలో జరగవు కనుక, ఫలితాలను అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం.

== వ్యాధి పరిశోధన ==

ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా సింప్లెక్స్ అనే జన్యువ్యాధిలో స్వల్పమైన రాపిడికే చర్మంపై బొబ్బలు లేస్తాయి. పసిబిడ్డ పాకడం మొదలుపెడితే మోకాళ్ళు, నడిస్తే అరికాళ్ళు పుండ్లవుతాయి. ఇది అంటువ్యాధి కాదు. 14వ కెరటిన్‌లో 125వ స్థానంలోని ఆర్జినైన్‌కు బదులు సిస్టీన్ చేరడం దీనికి ఒక కారణమని 1991లో అమెరికాలో ఎలైన్ ఫుక్స్ బృందం చూపింది. ఆ మార్పును జన్యువులో కావాలని కల్పించి చూడగా, పరీక్షనాళికలో సైతం పోగుల అల్లిక దెబ్బతిన్నది. వందలకొద్దీ అమైనో ఆమ్లాలలో ఒక్కటి మారితే చర్మం ఎందుకు నిలవదో ఈ ప్రయోగాలు తెలిపాయి. అంతకు ముందు ఈ వ్యాధి మూలం స్పష్టంగా తెలియదు.

క్యాన్సర్ కణితి ఏ కణజాలంలో పుట్టినదో గుర్తించేందుకు వాడే ప్రతిరక్షకాల నాణ్యతను సరిచూడడానికి కూడా ఈ ప్రోటీన్లు ఉపకరిస్తాయి. ఇక్కడొక చిక్కు ఉంది. పరిశోధకుల చర్మం నుంచి, జుట్టు నుంచి రాలే కెరటిన్ నమూనాలో కలిసి ద్రవ్యరాశి వర్ణపటమాపన ఫలితాలను తరచు తప్పుదారి పట్టిస్తుంది.

== హైదరాబాదులో ==

పునస్సంయోజన విద్య హైదరాబాదుకు కొత్త కాదు. ఇక్కడి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఇదే సూత్రంపై, బాక్టీరియాకు బదులు ఈస్టును వాడి, హెపటైటిస్-బి టీకా శాన్‌వాక్-బిని 1997లో విడుదల చేసింది. ఇటువంటి సున్నితమైన సరకుల కోసం, 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయపు సరకు విభాగంలో ఉష్ణోగ్రతను నియంత్రించే ఏర్పాట్లు ఉన్నాయి. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించి నిల్వచేస్తారు. పదేపదే కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే అది పాడయ్యే అవకాశముంది.