పట్నం మేడలు – ఖేడ్ లెక్కలు

నలుగురు కూడిన చోట ఈ మధ్య ఒక వాదన తప్పక లేస్తున్నది. హైదరాబాదులో కొత్తగా వెలసిన కట్టడాలు బాగున్నాయా, లేవా అని. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, అదే నెల 30న కొత్త సచివాలయం, జూన్‌లో అమరవీరుల స్మారకం వచ్చాయి. అబ్బ, ఎంత బాగున్నాయి అని ఒకరంటే, డాబే తప్ప కళ ఏదీ అని ఇంకొకరు పెదవి విరుస్తారు.

ఈ వాదన ఎక్కువగా పట్నంవారే చేసుకుంటారు. కాని సచివాలయం రాష్ట్రమంతటిదీ గదా! వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న నారాయణఖేడ్ వారికీ అందులో వాటా ఉన్నది. పైగా వారు పట్నానికి షికారుకు రారు. ఆసుపత్రికో, కచేరీ పనికో, పిల్లల చదువుకో వస్తారు. అందుచేత వారి చూపు వేరు.

సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి వచ్చే బస్సు ప్రయాణికుడు మియాపూర్‌లో దిగి మెట్రో ఎక్కవచ్చు. 2017 నవంబరులో మొదలైన ఈ రైలు మంచిదా చెడ్డదా అని అతన్ని అడగనక్కరలేదు. ఎండలో, ట్రాఫిక్‌లో నలగకుండా అమీర్‌పేట మీదుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా పోతాడు. ఆ స్తంభాలు రోడ్ల అందం చెడగొట్టాయన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే అతని ఫిర్యాదు వేరు: రైలు దిగాక నడవటానికి కాలిబాట ఏదీ? చేతిలో సంచీ, వెంట ముసలి తల్లి ఉన్నవాడికి ఆ చివరి అర కిలోమీటరే అసలు ప్రయాణం.

ఆ దారిలోనే లక్డీకాపూల్‌లో దిగితే సచివాలయం దగ్గర. అక్కడ వాదన మరీ వేడిగా ఉంటుంది. పాతది విడివిడి భవనాల గుంపు. శాఖ నుంచి శాఖకు తిరగాలి. అన్నీ ఒకే చోట ఉంటే మేలే గదా అని ఒక పక్షం. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌ను కూడా 2020లో కూల్చేశారు, అది మళ్ళీ రాదు అని రెండో పక్షం. రెండు మాటలూ నిజమే. ఎర్రమంజిల్ విషయంలో మాత్రం కథ మరో విధంగా నడిచింది. అక్కడ శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది.

కొత్త గుమ్మటాలు పాతవాటికి అనుకరణ అని కొందరి ఆక్షేపణ. మరి మనం మెచ్చుకునే పాతవి మాత్రం? మూసీ ఒడ్డున హైకోర్టునూ, ఉస్మానియా ఆసుపత్రినీ కట్టించిన విన్సెంట్ ఎష్ ఆంగ్లేయుడు. ఆయనా పాత గుమ్మటాలను చూసే కట్టాడు. కాబట్టి అనుకరణ ఒక్కటే నేరం కాదు.

తేడా ఇంకొక చోట ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నది. దాని తరవాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ముందు అవసరం, తరవాత ఆలోచన, ఆపైన కట్టడం. అందం వాటి వెంట వచ్చింది.

అంతమాత్రాన పాతవాళ్ళంతా దేవుళ్ళనీ, కొత్తవాళ్ళకు ఏమీ చేతకాదనీ కాదు. 1925లో పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రినే చూడండి. ఎత్తయిన కప్పులతో, గుమ్మటాలతో హుందాగా నిలిచిన ఆ భవనంలోకి 2020 జూలై వానలకు నీళ్ళు వచ్చి, రోగుల మంచాల కింద నిలిచాయి. తరవాత రోగులను అక్కడినుంచి తరలించి, ఆ భవనాన్ని మూసివేశారు. తప్పు కట్టినవారిదా? ఏళ్ళ తరబడి మరమ్మతు మరచినవారిదా? మేడ కట్టడానికి ఒక ముహూర్తం చాలు. దాన్ని నిలబెట్టుకోవడానికి ప్రతి వానాకాలమూ ముహూర్తమే.

2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్నలు గుమ్మటం గురించి కావు. బస్సు దిగిన రోగి గేటుదాకా ఎలా చేరతాడు? వెంట వచ్చినవారు రాత్రి ఎక్కడ తలదాచుకుంటారు? కుళాయి చెడితే బాగుచేయించే బాధ్యత ఎవరిది? మూతపడిన పాత భవనం గతి ఏమిటి?

ఖేడ్ వారికి శంకుస్థాపనలు కొత్త కాదు. సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు 2022 ఫిబ్రవరి 21న అక్కడే పునాదిరాయి వేశారు. రాయి వేసిన రోజున చప్పట్లు కొట్టినా, కాలువ బాగోగులు చెప్పవలసింది చిట్టచివరి మడి రైతే. పట్నం మేడలకూ అదే లెక్క. బాగున్నదా లేదా అన్న తీర్పు ఫొటో తీసినవాడు ఇచ్చేది కాదు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, పని ముగించుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరినవాడు ఇవ్వాలి.