తీగలేని వార్తలు – గృహిణి జాగ్రత్తలు



దీపములును, గంటలును, ద్వారముల కాపుండు యంత్రములును తీగలు లేకయే తమలో తాము వార్తలు చెప్పుకొను కాలమున మనము సంసారము చేయుచున్నాము. ఇవి యింట నున్నంతమాత్రమున సుఖము కలుగదు. సమయమునకు పలికిననే సుఖము. ఈ మాట నేను కష్టపడి నేర్చుకొంటిని.

మా అత్తగారు వృద్ధురాలు. రాత్రివేళ లేచుటకు వారికి తోడు కావలయును. మా వారు జిగ్‌బీ పద్ధతిని పనిచేయు చిన్న మీట నొకదానిని వారి మంచమునొద్ద నమర్చిరి. దానిని నొక్కినచో మా గదిలో గంట మ్రోగును. ఒక మాసము చక్కగా మ్రోగినది. ఒకనాటి రాత్రి వారు ముమ్మారు నొక్కినను మ్రోగలేదు. చీకటిలో తామే లేచి, గడప తగిలి పడిరి. ఎముక విరుగలేదు గాని పదిదినములు మంచము దిగలేదు. “పిలిచితినమ్మా, నీకు వినబడలేదు కాబోలు” అని వారనినప్పుడు నాకు కలిగిన సిగ్గు చెప్పనలవి కాదు.

దోషము మీటది కాదు, నాది. చిన్న బ్యాటరీతో బ్రదుకు మీట మాట చాలదూరము పోదు. గోడ కరెంటుతో నెల్లప్పుడును పనిచేయు జిగ్‌బీ ప్లగ్గులు, బల్బులే నడుమ నిలిచి యా మాటను ముందున కందించును. మా నడవలోని ప్లగ్గు అట్టి వార్తాహరుడు. నేను పొదుపని తలచి యా రాత్రి దాని స్విచ్చి నార్పితిని. హనుమంతుడు లేక అశోకవనమునుండి రామునకు వార్త చేరునా?

నాటినుండి నేను పాటించు నియమము లివి.

వార్తాహరులగు ప్లగ్గుల స్విచ్చులపై “ఆర్పరాదు” అని చీటి యంటించితిని. పనిమనిషికిని, పిల్లలకును చెప్పితిని.

వై-ఫైయును జిగ్‌బీయును 2.4 గిగాహెర్ట్‌జుల బాటనే నడచుచుండును. మైక్రోవేవ్ పొయ్యియు నచ్చటనే సందడి చేయును. వై-ఫైలో 1, 6, 11 చానెళ్లు ఒకదానినొకటి యొరయవు. జిగ్‌బీకి 11 మొదలు 26 వరకు గలవు. సంఖ్య యొకటైనను రెండింటి 11 ఒక్కటి కాదు. మా వై-ఫైని 1 నందును, జిగ్‌బీని 25 నందును ఉంచితిమి. జిగ్‌బీ చానెలు మార్చినపిమ్మట కొన్ని యంత్రములను మరల జతపరుపవలసి రావచ్చును.

హబ్బును ఇనుప బీరువా వెనుకను, రౌటరు ప్రక్కను పెట్టరాదు. ఇంటి నడుమ, కొంచె మెత్తున నుంచవలెను.

కరెంటు పోయినప్పుడు రౌటరును, హబ్బును, నడుమనున్న ప్లగ్గులును ఇన్వర్టరుమీద నుండవలెను. వీనిలో నొక్కటి తప్పినను వార్త త్రోవలోనే నిలిచిపోవచ్చును.

ప్రతి శనివారము దీపము పెట్టు వేళ మీటను నొక్కి గంట వినుచున్నాను. బ్యాటరీ నీరసించినచో నాడే తెలియును.

ఇన్ని చేసియు, అత్తగారి మంచమునొద్ద నొక కంచుగంటను గూడ నుంచితిని. యంత్రమును నమ్మవచ్చును, పరీక్షింపక నమ్మరాదు. మనల నమ్మి నిద్రించువారు ఇంట నున్నప్పుడు ఈ మెలకువ గృహిణికి తగియున్నది.