సాంబమసూరి విత్తనము – రెండు మెఱుగుదలలు

మన కృష్ణా డెల్టాలో సాంబమసూరి నెఱుగని రైతు లేడు. బాపట్ల పరిశోధన క్షేత్రమున రూపొంది 1986లో విడుదలయైన బి.పి.టి. 5204 రకమే యిది. సన్నని గింజయు, రుచిగల యన్నమును దీని గుణములు. పంటకాలము దీర్ఘమగుట, ఎండాకు తెగులునకు లొంగుట దీని లోపములు. ఈ లోపములను దీర్చుటకు శాస్త్రజ్ఞులు త్రొక్కిన రెండు త్రోవలను సభ్యులకు దెలుపదలచితిమి.

ఒకే చేనిలో కంకులు హెచ్చుతగ్గుగా నుండుటకు ఎరువు, నీరు కొంత కారణము. అట్టి భేదము మఱుసటి పంటకు రాదు. విత్తనములోని జన్యువులవలన గలిగిన భేదము మాత్రము తరతరములకు వచ్చును. క్రొత్త వంగడములను బుట్టించువారికి ఈ రెండవ భేదమే మూలధనము. సాంబమసూరియు జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి యను మూడు రకముల సంకరమువలన బుట్టినదే.

మొదటి త్రోవ సంకరము. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సి.సి.ఎం.బి.యు గలసి, ఎండాకు తెగులునకు దట్టుకొను మూడు జన్యువులను సాంబమసూరిలో జేర్చిరి. మాటిమాటికి సాంబమసూరితోనే సంకరపఱచుచు, కావలసిన జన్యువు వచ్చిన మొక్కలనే ఆనవాలు పట్టి యేఱిరి. ఆ మూడింటిలో నొకటి ఆఫ్రికాలోని అడవివరినుండి వచ్చినది. ఈ రకము 2008లో విడుదలయ్యెను.

రెండవ త్రోవ జన్యు సవరణ. ఇందు విత్తనములో నున్న జన్యువునే యొకచోట కత్తిరింతురు. మొక్క దానిని తిరిగి యతుకుకొనునపుడు చిన్న మార్పు గలుగును. కత్తిరించు సాధనము మిగులని సంతతి మొక్కలనే పిమ్మట నేఱుదురు. సైటోకినిన్ అనునది మొక్క పెరుగుదలకు దోడ్పడు పదార్థము. దానిని హరించు జన్యువును సాంబమసూరిలో నిట్లు సవరింపగా కంకికి గింజలు హెచ్చినవి. ఇదియే డి.ఆర్.ఆర్. ధాన్ 100, కమల యని 2025 మే 4వ తేదీన ప్రకటింపబడిన రకము. దిగుబడి నూటికి 19 వంతులు హెచ్చుననియు, సుమారు 20 దినములు ముందుగా కోతకు వచ్చుననియు ప్రకటించిరి. అదియే నిజమైనచో విజయవాడ బ్యారేజి కాలువల నీరు కలిసివచ్చును. మినుము, పెసర సకాలమున జల్లుకొనవచ్చును.

అయినను ఒక మాట. ఇట్టి సవరణ యున్నదానిని దిద్దగలదు గాని, వంగడములో లేని గుణమును అడవివరినుండి తెచ్చి యీయలేదు. డెల్టా యంతయు నొకే విత్తనము చల్లినచో, దానికి సోకు తెగులు అందఱి చేలను ఒక్కసారిగా బట్టును. కావున క్రొత్త రకమును మొదట రెండు మూడు సెంట్లలో జల్లి, ప్రక్కనే పాత రకము నుంచి, తూచి చూచి నమ్ముడు. గుర్తింపుచీటి లేని విత్తనమును పేరు విని కొనకుడు. ఇంట నున్న పాత విత్తనములను పారవేయకుడు. రేపటి తెగులునకు మందు వానిలోనే యుండవచ్చును.