చిన్న లీగుల్లో పెద్దింటి పిల్లలు

రాజపాళయం స్టేషన్లో సాయంత్రం పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి చెన్నై ఎగ్మూరు. బూట్లు సంచిలో కుక్కుకుని సెలక్షన్లకు బయల్దేరే కుర్రాడికి ఈ ఊరి నుంచి దారి అదే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మైదానంలో రెండూ కలిపి అరుచుకునే పిల్లలు వీళ్లు. తరాల కిందట ఆంధ్ర దేశం నుంచి వలస వచ్చిన రాజులు స్థిరపడ్డ ఊరు. పత్తి మిల్లుల ఊరు. ఓ వేటకుక్కల జాతికి పేరిచ్చిన ఊరు. జాతీయ ఫుట్‌బాల్ లీగుల్లో మాత్రం పై అంచె నుంచి కింది అంచె దాకా వెతికినా ఈ ఊరి పేరుతో జట్టు కనిపించదు.

ఇలాంటి ఊరు ఎప్పటికైనా కాలు పెట్టగలిగేది ఆ కింది అంచెలోనే. అలాంటి అంచెల్లోకే ఎన్నో దేశాల్లో పెద్ద క్లబ్బులు తమ కుర్రాళ్ల జట్లను పంపుతాయి. వాటినే రిజర్వ్ జట్లనీ, బి టీములనీ అంటారు. ఇది మంచికా, చెడుకా?

మంచి ఎంతో చెప్పడానికి బార్సిలోనా ఒక్కటి చాలు. 2007లో పెప్ గార్డియోలా చేతికి ఆ క్లబ్బు ఇచ్చింది పెద్ద జట్టును కాదు, నాలుగో అంచెలో ఉన్న బి టీమును. చిన్న ఊళ్ల మైదానాల్లో, కండలు తిరిగిన పెద్దవాళ్ల మధ్య ఆడి ఆ కుర్రాళ్లు ప్రమోషన్ సాధించారు. వాళ్లలో సెర్హియో బుస్కెట్స్, పెడ్రో ఉన్నారు. ప్రమోషన్ వచ్చిన రెండేళ్లకు, 2010 జులై 11న, ప్రపంచ కప్ ఫైనల్లో స్పెయిన్ తరఫున మొదటి పదకొండు మందిలో ఆ ఇద్దరూ దిగారు. అకాడమీలో ఈడువాళ్లతో ఎన్ని మ్యాచ్‌లు ఆడినా రాని రాటుదనం, ఓడితే టికెట్ కొన్న జనం ముఖాలు మాడ్చుకునే మ్యాచ్‌లో వస్తుంది. ఆ మాటలో నాకు అనుమానం లేదు.

స్పెయిన్ దానికో కట్టుబాటు కూడా పెట్టింది. బి టీము అసలు జట్టు కన్నా కనీసం ఒక మెట్టు కిందే ఉండాలి. 1983-84లో రియల్ మాడ్రిడ్ బి టీము కాస్టిల్లా రెండో అంచెలో ఛాంపియన్ అయినా పైకి వెళ్లలేకపోయింది. జర్మనీలో 2020లో బయర్న్ మ్యూనిక్ రెండో జట్టు మూడో అంచె గెలిచినా, రెండో జట్లు ఆ అంచె దాటకూడదన్న అక్కడి నియమంతో అక్కడే ఆగింది. పై మెట్టు ఊళ్ల జట్లకే మిగిలింది.

ఇంగ్లండ్‌లో కథ అడ్డం తిరిగింది. 2014లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఛైర్మన్ గ్రెగ్ డైక్ కమిషన్ బి టీములతో కొత్త లీగ్ పెడదామంటే అభిమానులు ఒప్పుకోలేదు. 2016లో మూడు, నాలుగు అంచెల క్లబ్బులు ఆడుకునే కప్పులోకి అకాడమీ జట్లను తెచ్చారు. జనం మ్యాచ్‌లను బహిష్కరించారు, స్టాండ్లు ఖాళీ అయ్యాయి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది లూటన్ సంగతి. ఆ చిన్న క్లబ్బు తన కుర్రాళ్లను దించితే, బలమైన జట్టును ఆడించలేదని 15,000 పౌండ్ల జరిమానా వేశారు. కుర్రాళ్ల ఎదుగుదల కోసమే మార్చామన్న టోర్నీలో, చిన్న ఊరి కుర్రాడు ఆడటమే తప్పయింది.

మన దేశానికి వద్దాం. 2010లో జాతీయ సమాఖ్య కుర్రాళ్లతోనే ఒక జట్టు కట్టి నేరుగా అప్పటి పై అంచె ఐ-లీగ్‌లో ఆడించింది. అదే ఇండియన్ యారోస్. ఎన్ని ఓడినా దాన్ని కింది అంచెకు దించేవారు కాదు. మొదటి ఏడాదే జెజె లాల్‌పెఖ్లువా అందులో గోల్స్ కురిపించాడు, తర్వాత చెన్నైయిన్ ఎఫ్‌సీకి రెండు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) టైటిళ్లు తెచ్చిన జట్లలో ఉన్నాడు. 2017 అండర్-17 ప్రపంచ కప్‌లో కొలంబియా మీద భారత్‌కు తొలి గోల్ కొట్టిన జీక్సన్ సింగ్ కూడా యారోస్‌కు ఆడాడు. ఆ తర్వాత ఐఎస్‌ఎల్ క్లబ్బుల రిజర్వ్ జట్లు ఐ-లీగ్ రెండో డివిజన్లోకి వచ్చాయి. గెలిచినా వాటికి ప్రమోషన్ ఉండేది కాదు. 2018లో ఆ డివిజన్ గెలిచి పైకి వెళ్లింది శ్రీనగర్ జట్టు రియల్ కశ్మీర్.

ఆ నియమం మంచిదే. లోటు మరోచోట ఉంది. రిజర్వ్ జట్టు కుర్రాడికి మ్యాచ్‌లు దొరుకుతాయి. ఆ అకాడమీ గుమ్మం దాకా చేరని కుర్రాడికి ఏం దొరుకుతుంది? సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు హైదరాబాద్ వెళ్లి ఆడటానికి దారిఖర్చులు లేకపోతే, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సైకిల్ అద్దెకు డబ్బులిచ్చాడు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన జట్టులో ఉన్నాడు, 1962 ఆసియా క్రీడల బంగారు పతకం జట్టులోనూ ఉన్నాడు. రహీమ్ కంటికి అతడు ఆనడానికి కారణం, ఆనాటి హైదరాబాద్‌లో పేటకో జట్టు, వాటికో స్థానిక లీగ్ ఉండటమే. పెద్ద క్లబ్బు వల ఎంత పెద్దదైనా, వీధి జట్టు లేని చోట చేప పడదు.

అంత దూరం ఎందుకు? రాజపాళయానికి దగ్గర్లోని మదురై జట్టు సేతు ఎఫ్‌సీ 2019లో భారత మహిళల లీగ్ గెలిచింది. దాని వెనుక ఏ పెద్ద క్లబ్బూ లేదు.

రాజపాళయం చేతగాని ఊరేమీ కాదు. పి.ఎ.సి. రామస్వామి రాజా ఇక్కడే మిల్లు పెట్టి, దాన్ని దేశమెరిగిన రామ్‌కో సంస్థలుగా పెంచారు. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా సొంత ఇంటినే గాంధీ కళా మండ్రానికి ఇచ్చేశారు. కళకు ఇల్లిచ్చిన ఊరు ఆటకు ఒక జట్టునివ్వగలదు.

కాబట్టి రిజర్వ్ జట్లను రానివ్వండి. అవి ఊళ్ల జట్ల సీట్లలో కూర్చోకుండా, వాటికి అదనంగా రావాలి. సొంత మ్యాచ్‌లు మహానగరాల ఖాళీ స్టేడియాల్లో కాకుండా రాజపాళయం, శివకాశి, కోవిల్‌పట్టి లాంటి ఊళ్లలో ఆడాలి. ఆడిన ఊరి పిల్లలకు జట్టులో చోటివ్వాలి. చెన్నైలోని రాష్ట్ర సంఘం పెద్దలకూ, ఐఎస్‌ఎల్ క్లబ్బుల యజమానులకూ విన్నపం ఒక్కటే. వచ్చే సీజన్‌కు సెలక్షన్లు పెట్టేటప్పుడు, ఈసారి పొదిగై ఎక్స్‌ప్రెస్ మీరెక్కండి.