ఊరి చేతులు అలంకరించిన మందిరం

నవంబరు 2 సమాధుల పండుగ వచ్చిందంటే మన పల్లెల్లో ఇంటిల్లిపాదీ కదులుతారు. పిచ్చిమొక్కలు పీకి, సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరచి, చీకటి పడగానే కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ ఒక్కరోజు అందరూ పనివారే. అటువంటి సమాధుల తోటలో ఒక ఊరివారు కలిసి చేసిన పనిని గూర్చి ఈ నెల చెప్పాలనుకుంటున్నాము.

ఇంగ్లాండు దేశంలోని సర్రే ప్రాంతంలో కాంప్టన్ అనే పల్లె ఉంది. పాత ఆలయ ఆవరణలో సమాధులకు చోటు చాలక, 1895లో ఆ ఊరి పెద్దలు కొత్త స్థలం తీసుకున్నారు. పేరుపొందిన చిత్రకారుడు జార్జి ఫ్రెడరిక్ వాట్స్, ఆయన భార్య మేరీ అప్పటికి ఆ ఊరిలోనే నివాసముంటున్నారు. ఆ స్థలంలో ఒక ప్రార్థనామందిరం కట్టిస్తానని మేరీగారు ముందుకు వచ్చారు.

పట్నం నుంచి గొప్ప శిల్పులను పిలిపించడం ఆమెకు కష్టమేమీ కాదు. కాని ఆమె అలా చేయలేదు. తమ ఇంటిలోనే సాయంకాలం తరగతులు పెట్టి, రుసుము లేకుండా ఊరివారికి మట్టిపని నేర్పారు. వారి స్థలంలోనే మంచి బంకమట్టి దొరికింది. పగలు తమ తమ పనులు చూసుకొని వచ్చిన స్త్రీ పురుషులు ఆ మట్టిని పిసికి, పలకలుగా తీర్చి, వాటిమీద ఆకులు, పక్షులు, దేవదూతల ముఖాలు తీర్చిదిద్దారు. మట్టిపని తొందరపడితే సాగదు. నిదానంగా ఆరనివ్వాలి, లేకుంటే బట్టీలో పగిలిపోతుంది. ఇలా డెబ్బైమందికి పైగా ఆ పనిలో చేయి కలిపారు. నమూనాలు గీసినది మేరీగారే. వాటికి రూపమిచ్చినవి ఊరివారి చేతులు.

1898లో ఆ మందిరాన్ని ప్రతిష్ఠించారు. సిలువ, వృత్తము ఒకదానిలో ఒకటి ఇమిడినట్టు కట్టిన ఎర్రని కట్టడమది. వృత్తము నిత్యత్వానికి గుర్తు. లోపలి గోడలమీద జీవవృక్షము, రెక్కలుగల దూతలు రంగులతో వెలిశాయి. ఆ పని 1904లో ముగిసింది. అదే సంవత్సరం వాట్స్‌గారు కన్నుమూశారు. ఆయనను ఆ సమాధుల తోటలోనే ఉంచారు.

మందిరం పూర్తయినా నేర్చుకున్న పని వృథా పోలేదు. ఆ తరగతులలోనుంచి ఒక కుమ్మరుల సంఘం పుట్టింది. తోట కుండీలు, సమాధి గుర్తులు చేసి అమ్ముతూ అది 1950ల వరకు నిలిచింది. పల్లెకు అందము మాత్రమే కాక, జీవనోపాధి కూడా దొరికింది.

నిర్గమకాండము 35వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. ప్రత్యక్షగుడారపు పనిలో బెసలేలు, అహోలీయాబులు మాత్రమే లేరు. నూలు వడికిన స్త్రీలు కూడా ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు గాని, వారి పని గ్రంథములో నిలిచింది.

మన సంఘాల సంగతి ఆలోచిద్దాం. క్రిస్మసు నక్షత్రాన్ని వెదురుబద్దలతో కట్టే యువకుడు, వాకిట్లో చుక్క తప్పకుండా ముగ్గు పెట్టే అమ్మ, బుట్టలల్లే తాత, వీరెవరూ తమను కళాకారులని అనుకోరు. మనమూ అనుకోము. చర్చి గోడకు బొమ్మ వేయించాలంటే టౌను నుంచి పెయింటరును పిలుస్తాం. అతని పని బాగానే ఉంటుంది. కాని ఆ గోడను చూసి “ఈ ఆకు నేను దిద్దాను” అని మనవడికి చెప్పుకోగల అవ్వ మన ఊరిలో ఉండదు.

రానున్న సమాధుల పండుగకు ముందు ఒక్క గోడనైనా మన ఇంటివారి చేతులకు అప్పగించి చూద్దాం. గీత వంకరపోవచ్చు, రంగు కారవచ్చు. అయినా అది మన ఊరి గోడ. దానిని కాపాడుకొనేవారు కూడా ఊరివారే అవుతారు.

కాంప్టన్ మందిరం నేటికీ నిలిచి ఉంది. దూరదేశాలవారు వచ్చి చూసిపోతుంటారు. ఆ ఎర్ర పలకలమీద మాత్రం ఇప్పటికీ కనిపించేది ఆ పల్లెవారి చేతిపనే.